కంప్యూటర్ మారినప్పుడల్లా మన తెలుగు అక్షరం ఏమైంది?

ఈ వారం ఎపిసోడ్‌లో పాత విండోస్ నుంచి కొత్తదానికి మారడం గురించి మాట్లాడుకున్నాం. టైం చాలక దాని వెనకున్న చరిత్ర సగంలో ఆగిపోయింది. మిగతాది ఇక్కడ రాస్తున్నా. డ్యూటీ దిగాక తీరిగ్గా చదవండి.

ముందు మన సైటు భాషలో చెప్తా. నేనుండే బేసింగ్‌స్టోక్ 1960ల్లో లండన్‌లో పట్టని జనం కోసం పెంచిన ఊరు. అప్పటి ఇళ్లలో రాగి పైపులు అంగుళాల లెక్క. 1970ల్లో మిల్లీమీటర్లకు మారాయి. పాత అర అంగుళం పైపుకి ఇప్పటి 15 మి.మీ. కంప్రెషన్ ఫిట్టింగ్ పట్టేస్తుంది. ముప్పావు అంగుళం పైపుకి మాత్రం 22 మి.మీ. ఫిట్టింగ్ నేరుగా పట్టదు, దానికి వేరే రింగు కావాలి. పైపులో తప్పు లేదు, ఫిట్టింగులో తప్పు లేదు, కొలతలే కలవలేదు. కంపాటిబిలిటీ అంటే ఇంతే.

ఇప్పుడు తెలుగు సంగతికొద్దాం. 1990ల్లో మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు పెట్టినప్పుడు విండోస్‌కి తెలుగు రాదు. మరి తెలుగు ఎలా కొట్టారు? ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఒక గదిలో తలకట్టు, ఇంకో గదిలో గుడి, మరో గదిలో వత్తు. అను ఫాంట్లు, శ్రీలిపి, ఇలా ఎవరి గదుల లెక్క వాళ్లది. తెర మీద తెలుగు కనపడుతుంది గానీ, ఫైలు లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఆ గందరగోళమే బయటికొస్తుంది.

అమెరికాలో చదువుకునే మనవాళ్లు అదే కాలంలో ఇంకో దారి పట్టారు. రైస్ యూనివర్సిటీ పేరుతో వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి మెయిళ్లు రాసుకున్నారు. ఇవాళ మనం వాట్సాప్‌లో చేసేది దాదాపు అదే.

అసలు పరిష్కారం 1991లోనే కాగితం మీదికొచ్చింది. యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి 128 గదులు కేటాయించారు. 'క' ఏ దేశంలో, ఏ కంప్యూటర్‌లోనైనా ఒకటే నంబరు. వత్తులు, గుణింతాలు అతికించే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది. అంటే సిస్టమ్‌కి ఆ పని తెలిసుండాలి. విండోస్ 98కి తెలియదు. విండోస్ 2000కి హిందీ, తమిళం వచ్చాయి గానీ తెలుగు రాలేదు. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అప్పుడు కూడా కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి ఒక టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేస్తేనే తెలుగు కుదురుగా కనపడేది. గల్ఫ్‌లో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నవాడికి సీడీ ఎవడిస్తాడు? అందుకే అప్పట్లో చాలామందికి తెలుగు అంటే తెర మీద డబ్బాలే.

పేపర్ల సైట్లు కూడా చాలాకాలం సొంత ఫాంట్లతోనే నడిచాయి. అవి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో కనపడి, ఫైర్‌ఫాక్స్‌లో పాడయ్యేవి. వెన్న నాగార్జున గారు చేసిన పద్మ అనే పొడిగింపు ఆ రాతని అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించకుండానే బ్రౌజర్‌లో తెలుగు రాసుకునే వీలు కలిగింది. ఇలాంటి మనుషులు కట్టిన వంతెన మీదే మనం ఇటు దాటాం.

మరి డీటీపీ సెంటర్లు అప్పుడే ఎందుకు మారలేదు? బద్ధకం కాదు. వాళ్ల చేతిలో పనిముట్టు పేజ్‌మేకర్. దాని ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. దానికి యూనికోడ్ రాదు. దాని తర్వాతి తరం ఇన్‌డిజైన్‌లో మన లిపులు సరిగ్గా అతకడం 2012లో సీఎస్6తో మొదలైంది. విండోస్ సిద్ధమయ్యాక పనిముట్టు సిద్ధమవడానికి పదకొండేళ్లు పట్టింది. దానికితోడు కొన్ని సాఫ్ట్‌వేర్లకు డాంగిల్ అనే తాళం ఉండేది. పాతవి ప్రింటర్ పోర్టులో గుచ్చేవి. కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టే లేదు. అందుకే 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మద్దతు ఆగిపోయినా షాపుల్లో అదే నడిచింది.

ఫోన్లదీ అదే కథ. ఆండ్రాయిడ్‌కి తెలుగు 2012లో 4.1 వెర్షన్‌తో వచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్ల సంగతి గుర్తుందా? మధ్యలో కంటికి కనపడని ఒక కోడ్ చేరిన 'జ్ఞా' అనే అక్షరం మెసేజ్‌గా వస్తే చాలు, యాప్ కూలిపోయేది. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ప్రపంచమంతా నవ్వుకుంది గానీ, అక్షరాలు అతికించే పని ఎంత కష్టమో దాంతో తెలిసింది.

ఇప్పుడు మన వంతు వచ్చింది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్పు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సుమారుగా ఎనిమిదో తరం నుంచి పైది ఉండాలి. పైగా విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. పాత 32 బిట్ ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి. కానీ పాత ప్రింటర్‌కి, డాంగిల్‌కి కావలసిన 32 బిట్ డ్రైవర్లు ఎక్కవు. డ్రైవర్ లేకపోతే తాళం తెరుచుకోదు, తాళం తెరుచుకోకపోతే ఆ ఫైళ్లూ తెరుచుకోవు.

ఆ ఫైళ్లలో ఏమున్నాయో ఒకసారి ఆలోచించండి. ఊరి గుడి చరిత్ర, సంఘం కరపత్రాలు, నాన్న రాసుకున్న పాటలు, తాత జీవితకథ. షాపు ఓనరు పాత మిషన్‌ని పాత సామాన్లవాడికి వేసిన రోజున అవన్నీ పోతాయి. పీడీఎఫ్ ఉందిగా అంటారేమో. చదవడానికి పనికొస్తుంది. కానీ అందులో ఒక పేరు వెతకాలన్నా, ఒక మాట కాపీ చేయాలన్నా మళ్లీ ఆ గందరగోళమే.

కాబట్టి ఈసారి సెలవుకి ఇంటికెళ్లినప్పుడు ఒక పని చేయండి. ఊళ్లో టైప్ చేసిన అన్నని కలిసి, అసలు ఫైలు, ఏ ఫాంటులో కొట్టాడో ఆ పేరు, ఒక పీడీఎఫ్, మూడూ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ఫాంటు పేరు తెలిస్తేనే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌కి ఏ గదిలో ఏ ముక్క ఉందో తెలుస్తుంది. మార్చాక ఒకసారి చదివి వత్తులు సరిచూసుకోండి, అక్కడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. పాత మిషన్ నడుస్తున్నంత వరకే ఇది సులువు.

మీ దగ్గర అలాంటి ఫైళ్లు ఉంటే ఏ ఫాంటులో ఉన్నాయో మాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒక్కొక్కటీ తీసుకుని ఎలా మార్చాలో చెప్పుకుందాం. ఉంటాను మరి.