క్లాన్ అంటే బిడ్డలు

స్కాట్లాండ్‌లోని కలోడెన్ మైదానంలో ఫ్రేజర్ వంశం వాళ్ళ రాయి దగ్గర నేనెప్పుడు వెళ్ళినా పూలు కనిపించాయి. ఆ చుట్టుపట్ల ఇంకా రాళ్ళున్నాయి, మెకింటాష్, కామెరాన్, స్టీవర్ట్ అని పేర్లు చెక్కినవి. 1746లో అక్కడ జరిగిన యుద్ధంలో పోయినవాళ్ళను గుంపులుగా పూడ్చిన చోట 1881లో నాటిన రాళ్ళవి. వాటి దగ్గర గడ్డి పచ్చగా ఉంది. ఫ్రేజర్ల రాయి ముందు మాత్రం జనం తొక్కిడికి గడ్డి అరిగిపోయి మన్ను తేలింది. పూలు తెచ్చేవాళ్ళలో చాలామంది జేమీ ఫ్రేజర్‌ని తలుచుకుని తెస్తారు. ఆ పేరుగల ఆ మనిషి ఆ యుద్ధంలో లేడు. డయానా గాబల్డన్ అనే అమెరికా రచయిత్రి 1991లో అచ్చు వేసిన నవలలో పుట్టాడు, 2014లో ‘ఔట్‌లాండర్’ అనే సీరియల్‌గా టీవీలోకి వచ్చాడు.

ఆ పూలను నేను తప్పు పట్టను. నేను కూడా ఈ దేశం కథలోకి ఆ సీరియల్ గుమ్మంలోంచే అడుగుపెట్టాను. ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఇన్వర్నెస్‌లో నర్సుగా చేరిన మొదటి చలికాలం అది. మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గూకేది. నైట్ డ్యూటీ లేని రోజుల్లో దుప్పటి కప్పుకుని ఆ సీరియల్ చూసేదాన్ని. అందులో క్లెయిర్ కూడా నర్సే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1945లో భర్తతో కలిసి ఇన్వర్నెస్ వస్తుంది. పాతకాలపు నిలువు రాళ్ళ మధ్య ఒక రాయిని తాకి 1743లో పడుతుంది. కొండ ప్రాంతపు మెకంజీలు ఆమెను పట్టుకుని తమ కోటకు తీసుకుపోతారు. వాళ్ళకు ఆమె ‘సాసెనాక్’, అంటే శాక్సన్ జాతి మనిషి, ఇంగ్లీషు మనిషి. నమ్మరు, వదలరు. దెబ్బలకు కట్లు కట్టడం, జ్వరానికి మందివ్వడం వచ్చు కాబట్టి పనికి మాత్రం పెట్టుకుంటారు.

ఆ సీరియల్ తీసినవాళ్ళు మొదట్లో ఒక మంచి పని చేశారు. కొండ మనుషులు తమ గాలిక్ భాషలో మాట్లాడుకుంటుంటే తెర మీద కింద అర్థం వెయ్యలేదు. క్లెయిర్‌కి తెలియనిది మనకీ తెలియదు. వార్డులో నా పరిస్థితి సరిగ్గా అదే. లూయిస్ దీవి నుంచి వచ్చిన ఒక పెద్దామె పగలంతా ఇంగ్లీషు మాట్లాడేది, రాత్రయ్యేసరికి ఆ ఇంగ్లీషు ఆమెను వదిలి వెళ్ళిపోయేది. ‘ఉష్కె’ అంటే నీళ్ళని మూడో రాత్రికి తెలిసింది. విస్కీ అన్న మాట కూడా అందులోంచే వచ్చిందట. గ్లాసు నోటికి అందించిన ప్రతిసారీ ఆమె నన్ను ఒకే ప్రశ్న అడిగేది. అందులో క్లాన్ లాంటి మాట వినపడేది. నీది ఏ వంశం అని అడుగుతోందనుకుని మా ఇంటిపేరు చెప్పేదాన్ని, మా ఊరు చెప్పేదాన్ని. ఆమె తల అడ్డంగా ఊపేది. ఆదివారం కూతురు వచ్చినప్పుడు అడిగాను. “నీకు పిల్లలున్నారా అని అడుగుతోందమ్మా” అంది ఆ అమ్మాయి. గాలిక్‌లో క్లాన్ అంటే బిడ్డలు.

అప్పటిదాకా నేను క్లాన్ అంటే కత్తులు, గళ్ళ గుడ్డలు, కోటలు అనుకున్నాను. బిడ్డలు అని తెలిశాక సీరియల్ మళ్ళీ మొదటి నుంచి చూశాను. వంశపు పెద్ద తండ్రి. అతని నేల మీద బతికేవాళ్ళందరూ బిడ్డలు. రక్త సంబంధం లేనివాళ్ళు కూడా ఆ ఇంటిపేరు పెట్టుకుని కలిసిపోయేవారు. పెద్ద పిలిస్తే కత్తి పట్టుకుని రావాలి. బదులుగా ఆ నేల మీద వాళ్ళను ఉండనివ్వడం ఆ పెద్దకున్న బాధ్యత. కాగితం లేదు, పట్టా లేదు. తాతలు దున్నిన చోట మనవళ్ళకూ చోటు ఉంటుందన్న ఆ నమ్మకానికి గాలిక్‌లో ‘దూఖస్’ అని ఒక మాట ఉంది.

సీరియల్లో వంశపు పెద్దకు తమ్ముడైన డూగల్ ఊరూరా తిరిగి శిస్తు వసూలు చేసే ఘట్టం ఉంది. డబ్బున్నవాళ్ళు డబ్బు, లేనివాళ్ళు ధాన్యం, మేకలు తెచ్చి ఇస్తారు. ఒక పక్క ఆడవాళ్ళు ఉచ్చలో నానబెట్టిన ఉన్ని గుడ్డను పాట పాడుతూ బల్లకేసి మోదుతుంటారు. అది నిజంగా వాళ్ళు చేసిన పనే. నాకు ఆ శిస్తు ఘట్టం యుద్ధం కంటే ముఖ్యమనిపించింది. ఎందుకో తర్వాత చెప్తాను.

మా చెల్లెలు ఫోన్లో అడిగింది, “అక్కా, ఇంగ్లీషువాళ్ళు స్కాట్లాండువాళ్ళను అంత ఘోరంగా చంపేశారా?” సీరియల్ చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ కలోడెన్ రెండు దేశాల యుద్ధం కాదు, సింహాసనం కోసం జరిగిన యుద్ధం. 1688లో కేథలిక్ రాజు జేమ్స్‌ని దింపేశారు. జేమ్స్‌ని లాటిన్‌లో జాకోబస్ అంటారు, ఆ వంశం వైపు నిలిచినవాళ్ళు జాకబైట్లు. రోమ్‌లో పుట్టిన అతని మనవడు చార్లెస్ 1745 వేసవిలో గుప్పెడు మందితో స్కాట్లాండ్ పడమటి దీవుల్లో దిగాడు. ఆగస్టు 19న గ్లెన్‌ఫినన్‌లో జెండా ఎత్తాడు. డిసెంబరు నాటికి లండన్‌కి 200 కిలోమీటర్ల దూరంలో డర్బీ దాకా వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి తిరిగాడు. 1746 ఏప్రిల్ 16న కలోడెన్‌లో అంతా అయిపోయింది. ముందు రాత్రంతా నడిచి, తిండి లేక, నిద్ర లేక నిలబడ్డవాళ్ళ మీద రాజు సైన్యం ఫిరంగులు పేల్చింది. గంట కూడా పట్టలేదు. జాకబైట్లలో 1,500 మంది దాకా పోయారు. గాయపడి పడి ఉన్నవాళ్ళను కూడా పొడిచి చంపారు. ఆ సేనను నడిపిన కంబర్లాండ్ డ్యూక్‌ని ఇక్కడ ఇప్పటికీ కసాయి అంటారు.

అయితే ఆ రాజు సైన్యపు ఎర్రకోట్ల వరుసలో స్కాట్లాండ్ పటాలాలు కూడా ఉన్నాయి. గాలిక్ మాట్లాడే కాంప్‌బెల్ మనుషులు ఉన్నారు. స్కై దీవిలో ఇద్దరు పెద్ద వంశాధిపతులు చార్లెస్ పిలుపు వినీ కదల్లేదు. ఇవన్నీ ఆ మైదానం పక్కన మ్యూజియంలో చెప్తారు, అయినా తెర మీద చూసిన బొమ్మ అంత తొందరగా చెరగదు.

యుద్ధం తర్వాత వచ్చిన చట్టాలు తూటాల కంటే లోతుగా దిగాయి. ఆయుధాలు లాక్కున్నారు. ఊళ్ళో తగువు తీర్చే, ఉరి తీసే అధికారం వంశాధిపతుల నుంచి తీసేసి, దానికి డబ్బు లెక్కగట్టి ఇచ్చారు. 1747 నుంచి 1782 దాకా మగవాళ్ళు కొండ దుస్తులు కట్టకూడదు. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ళ ద్వీపాంతరం. ఇప్పుడు పెళ్ళిళ్ళలో కనిపించే కుట్టిన కిల్టు కాదు ఆనాటిది. పొడవాటి గుడ్డను నేల మీద పరిచి, కుచ్చిళ్ళు పెట్టి, దాని మీద పడుకుని నడుముకు తోలు పట్టీ బిగించి లేచేవారు. రాత్రి అదే దుప్పటి. మన పంచెకట్టుకు దగ్గరి చుట్టమని నాకనిపిస్తుంది. దాన్ని చట్టబద్ధంగా కట్టుకోవడానికి ఒకటే దారి మిగిలింది, రాజుగారి పటాలంలో చేరడం.

ఇక్కడి నుంచి కథ మన వైపు తిరుగుతుంది. సీరియల్లోని మెకంజీలకు అసలు రూపమైన ఇంట్లో, క్రోమార్టీ ప్రభువు కొడుకు జాన్ పద్దెనిమిదేళ్ళ వయసులో తండ్రితో కలిసి జాకబైట్ల తరఫున తిరగబడ్డాడు. పట్టుబడ్డాడు, క్షమాభిక్ష దొరికింది. చాలా ఏళ్ళు స్వీడన్ సైన్యంలో పనిచేసి తిరిగొచ్చి, తమ నేల మీది మనుషులతో, తాను ఎదిరించిన రాజవంశం కోసమే ఒక పటాలం కట్టాడు. 1780లో ఆ పటాలం మద్రాసులో దిగింది. అందులో కొందరు ఆ ఏడే పొల్లిలూరులో హైదర్ అలీ సైన్యం చేతికి చిక్కారు.

మరో మూడేళ్ళకు లూయిస్ దీవి స్టోర్నోవే నుంచి కాలిన్ మెకంజీ మద్రాసు వచ్చాడు. అవును, ఊళ్ళ చరిత్రలను కైఫీయత్తులుగా పోగేసిన మన మెకంజీ. ఏలూరు నుంచి వెళ్ళిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు లేకపోతే ఆయన పని సాగేది కాదు. మా కడప జిల్లా ఊళ్ళ కైఫీయత్తుల్లో పాళెగాళ్ళ వంశావళులు చదువుతుంటే, ఒక వంశం అధికారం పోయిన గడ్డ మీద పుట్టినవాడు మరో చోట అలాంటి వంశాల కథలే ఎందుకు పోగేశాడా అని ఆలోచిస్తాను. ఆయన మనసులో ఏముందో చెప్పలేను. అదే కాలంలో దత్తమండలాల పాళెగాళ్ళ ఆయుధాలు లాక్కుని, అధికారాలు తీసేసినవాడు గ్లాస్గోలో పుట్టిన మన్రో. మా పెద్దలు ఆయన్ని దయగల దొరగా తలుచుకుంటారు. 1746 చట్టాలు చదివాక నాకు ఆ తలపు అంత తేలిగ్గా రావడం లేదు.

ఇక శిస్తు సంగతి. అధికారం పోయాక వంశాధిపతులకు కత్తి పట్టే బిడ్డలతో పని లేకపోయింది, డబ్బిచ్చే కౌలుదారులు కావాల్సి వచ్చారు. మనుషుల కంటే గొర్రెలు ఎక్కువ డబ్బిచ్చాయి. 1814లో సదర్లాండ్ వంశానికే పెద్దయిన కౌంటెస్ పేరు మీద, ఆమె తాలూకు మనిషి పాట్రిక్ సెల్లర్ స్ట్రాత్‌నేవర్‌లో ఇళ్ళు ఖాళీ చేయించాడు. కప్పులు తగలబెట్టారు. 1816లో ఇన్వర్నెస్‌లోనే అతని మీద విచారణ జరిగింది. జ్యూరీలో ఎక్కువమంది భూస్వాములే. నిర్దోషి అన్నారు. ఇది ఎర్రకోట్లు చేసిన పని కాదు. అలా కూలిన ఇళ్ళ రాళ్ళ దగ్గర పూలు పెట్టడానికి మనుషులు తక్కువగా వస్తారు.

పోయిన మేలో సెలవు పెట్టి క్రోయిక్ అనే చోటికి వెళ్ళాను. సన్నని దారి చివర, లోయలో, చెట్ల మధ్య చిన్న చర్చి. 1845లో, అంటే చార్లెస్ జెండా ఎత్తిన సరిగ్గా వందేళ్ళకు, పక్క లోయ గ్లెన్‌కాల్వీలో 18 కుటుంబాలను వెళ్ళగొట్టారు. వాళ్ళు చర్చి లోపలికి వెళ్ళలేదు. సమాధుల మధ్య దుప్పట్లతో గుడారాలు కట్టుకుని పిల్లలతో తలదాచుకున్నారు. కిటికీ అద్దాలు అరచేతిలో పట్టేంత చిన్న ముక్కలు. వాటి మీద ఏదో మొన తేలినదానితో పేర్లు, తేదీ, తాము అక్కడ ఉన్నామన్న మాట గీశారు. తమ పాపాల వల్లే ఇలా జరిగిందని కూడా రాసుకున్నారు. ఇంట్లో గాలిక్ మాట్లాడిన మనుషులు, రాసింది మాత్రం ఇంగ్లీషులో.

ఆ రాత బయటి వైపు నుంచి గీసింది. చదవాలంటే చర్చి లోపల కూర్చుంటే కుదరదు, వాళ్ళు నిలబడ్డ ఆ సమాధుల గడ్డి మీదే నిలబడి, అద్దానికి మొహం దగ్గరగా పెట్టాలి. వాన తుంపర పడుతోంది. కొంగుతో అద్దం తుడిచి మళ్ళీ చదివాను.