గుడి రాళ్ల మీద యుద్ధాలు: జడ్చర్ల చుట్టూ ఒక సరిహద్దు చరిత్ర

హైదరాబాదు నుంచి కర్నూలు పోయే బస్సులు జడ్చర్లలో కాసేపు ఆగుతాయి. చాయ్ తాగి మళ్లీ ఎక్కేవాళ్లే తప్ప ఊరు చూద్దామని దిగేవాళ్లు తక్కువ. బాదేపల్లి మార్కెట్టుకు పల్లికాయ తెచ్చే రైతులకూ, రాయచూరు వైపో కల్వకుర్తి వైపో బండి మారేవాళ్లకూ ఇది కూడలి. ఈ కూడలితనం నిన్న మొన్న వచ్చింది కాదు. దక్షిణాన కృష్ణా తుంగభద్రలు, పడమట రాయచూరు సీమ, ఉత్తరాన గోలకొండ, తూర్పున నల్లగొండ గుట్టలు. వీటి నడుమ ఉన్న పాలమూరు మెట్టభూమి వెయ్యేళ్లకు పైగా ఎవరో ఒకరి రాజ్యానికి అంచుగానే ఉంటూ వచ్చింది. చాళుక్యుల అంచు, కాకతీయుల అంచు, బహమనీల అంచు. రాజధాని ఎప్పుడూ ఎక్కడో దూరాన ఉండేది. సైన్యాలు మాత్రం ఈ దారినే నడిచేవి.

ఇలాంటి నేలలో యుద్ధాల ఆనవాళ్లు కోటల్లో, భక్తి ఆనవాళ్లు గుళ్లలో దొరుకుతాయని అనుకుంటాం. పాలమూరులో ఆ లెక్క సరిపోదు. ఇక్కడి యుద్ధాల గురించి కోటల కంటే గుడి రాళ్లే ఎక్కువ చెబుతాయి.

జడ్చర్ల మండలంలోనే అల్వాన్‌పల్లి దగ్గర పొలాల మధ్య గొల్లత్తగుడి ఉంది. అరవై అడుగుల పైచిలుకు ఎత్తున నిలబడ్డ ఇటుక కట్టడం. క్రీస్తుశకం ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి జైన ఆలయమని పురావస్తు పరిశోధకులు నిర్ణయించారు. దక్కనులో ఆ కాలం ఆలయమంటే రాయే గుర్తుకొస్తుంది. అప్పటి ఇటుక గుడి ఇంత ఎత్తున నిలిచి ఉండటం దేశం మొత్తం మీద అరుదు. గంగామైదానంలో భీతర్‌గావ్, ఛత్తీస్‌గఢ్‌లో సిర్పూర్ లక్ష్మణాలయం దీనికి దూరపు చుట్టాలు. వాటి ఫోటోలు పాఠ్యపుస్తకాలకు ఎక్కాయి, దీనిది ఎక్కలేదు. గోడల మీద సున్నపు గారతో చేసిన అలంకారం జాడలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇక్కడి తీర్థంకరుల విగ్రహాలు మాత్రం మ్యూజియాలకు చేరాయి.

పాలమూరులో జైనం ఒక్క గుడితో ఆగలేదు. ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్న నంది వడ్డెమాను ఒకప్పటి వర్ధమానపురం. మహావీరుడి పేరు మోసిన ఆ పట్టణమే తర్వాత కాకతీయుల యుద్ధానికి లక్ష్యమైంది.

అల్వాన్‌పల్లికి దగ్గర్లోనే గంగాపురం. అక్కడి చెన్నకేశవస్వామి గుడి కల్యాణి చాళుక్యుల కాలం నుంచి నేటిదాకా పూజలందుకుంటోంది. గొల్లత్తగుడికి కొలిచేవాళ్లు లేక శతాబ్దాలు గడిచాయి. ఒకే ప్రాంతంలో ఒకటి పొలంలో ఒంటరిగా, ఒకటి జాతరతో కళకళలాడుతూ ఉండటానికి కారణం ఒకరు కూల్చారనో ఒకరు కాపాడారనో చెప్పుకోవడం తేలిక. నా మటుకు నాకు ఆ మాట సరిగా తోచదు. పోషించే వణిజులు, దానాలిచ్చే అధికారులు ఏ మతం వైపు మొగ్గితే ఆ గుడి బతికింది. సాళ్ల మధ్య ఉన్న ఇటుకల కుప్పను కూల్చే అవసరం ఏ సైన్యానికీ రాలేదు. రక్షణ లేని చోట గుడికి ఒక్కోసారి అనామకత్వమే రక్షణ.

కల్యాణి చాళుక్యుల సామంతులుగా ఈ నేలను ఏలినవాళ్లు కందూరు చోళులు. కందూరు ఇప్పుడు అడ్డాకుల మండలంలో ఒక ఊరు. కదంబ చెట్ల నీడలో ఉన్న రామలింగేశ్వరుడి గుడికి వచ్చే భక్తుల్లో ఇది ఒకప్పటి రాజధాని అని తెలిసినవాళ్లు ఎందరో చెప్పలేం. నల్లగొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం కూడా ఈ వంశం కాలానిదే. అంటే ఒకప్పుడు పాలమూరు, నల్లగొండలు కలిసి ఒకే చిన్న రాజ్యం.

ఆ రాజ్యం ఎలా పోయిందో తెలుసుకోవాలంటే కందూరులో కాదు, హనుమకొండ వేయిస్తంభాల గుడికి వెళ్లాలి. 1163 నాటి కాకతీయ రుద్రదేవుడి సంస్కృత శాసనం అక్కడుంది. రుద్రుడు శివుడికి, వాసుదేవుడికి, సూర్యుడికి గుడి కట్టించిన సందర్భంగా వేయించినది. అందులో సగం విజయగాథ. భీముడనే చోడ రాజును తరిమేయడం, వర్ధమాన నగరం కాలడం, కందూరు రాజు చోడోదయుడు భయంతో చనిపోవడం, అతడి పట్టణం నడుమ రుద్రుడు పెద్ద చెరువు తవ్వించడం, ఆ ఇంటి ఆడపడుచును పెళ్లాడటం, అన్నీ వరసగా ఉంటాయి. గెలిచినవాడి కవి రాసిన మాటలు కాబట్టి భయంతో చావడం లాంటి వాటిని కాస్త తగ్గించి చదువుకోవాలి. చెరువు సంగతి మాత్రం నమ్మదగ్గదే. కాకతీయులు ఒక చోటును తమది చేసుకున్నారంటే అక్కడ చెరువు పడాల్సిందే. పాత రాజధాని మీద నీళ్లు నింపడం కన్నా గట్టి సంతకం ఏముంటుంది?

కాలిన వర్ధమానపురాన్ని కాకతీయుల తరఫున మళ్లీ నిలబెట్టినవాళ్లు గోన వంశీయులు. రంగనాథ రామాయణాన్ని ద్విపదలో చెప్పిన గోన బుద్ధారెడ్డి ఈ ఇంటివాడే. కత్తి పట్టే చేతులతోనే గంటమూ పట్టిన కుటుంబం. బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక మల్యాల గుండదండనాథుడి భార్య. జడ్చర్లకు ఎంతో దూరం లేని భూత్పూరే ఆనాటి బుద్ధపురం. అక్కడ 1276లో ఆమె వేయించిన శాసనం ఉంది. చనిపోయిన భర్త పేర గుండేశ్వర లింగాన్ని ప్రతిష్ఠించిన సందర్భం అది. తెలుగులో తొలి కవయిత్రిగా ఆమెను చెప్పేవాళ్లున్నారు. సేనాని భార్యగా కాక గుడి కట్టించిన మనిషిగా ఆమె పేరు మిగిలింది. మగవాళ్లు గెలిచిన కోటల పేర్లు చెప్పుకున్న కాలంలో ఆమె చెప్పుకున్నది ఒక లేమిని. పాలమూరు శాసనాల్లో నేను మొదట చూడమని చెప్పేది ఇదే.

గోనవాళ్ల యుద్ధ చిహ్నం మాత్రం చాలా దూరంలో ఉంది. 1294లో, కాకతీయ ప్రభువుల తరఫున, గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు రాయచూరు కోట కట్టించాడు. ఆ సంగతి చెప్పే తెలుగు శాసనం నలభై అడుగులకు పైగా పొడవున్న ఒకే రాతి మీద చెక్కి ఉంది. దగ్గర్లోనే అంత పెద్ద బండను దున్నపోతులు బండి మీద లాక్కొస్తున్న బొమ్మ. కోటలు కట్టించిన రాజులు చాలామందే ఉన్నారు. కట్టడానికి పడ్డ కష్టాన్ని గోడ మీదే చూపించినవాళ్లు అరుదు. ఆ బొమ్మ చూస్తే ఇతర కోటల గోడలూ ఇంకోలా కనిపిస్తాయి.

1323లో ఓరుగల్లు పడ్డాక ఈ అంచు మరింత కరుకైంది. ఉత్తరాన బహమనీలు, దక్షిణాన విజయనగరం, నడుమ నల్లగొండ గుట్టల్లో రాచకొండ, దేవరకొండ వెలమ దొరలు. ఒక ఏడు ఒకరితో, మరో ఏడు ఇంకొకరితో ఉండటం వాళ్ల బతుకుతెరువు. 1417లో ఫిరోజ్ షా బహమనీ పానగల్ కోటను ముట్టడించాడు. దాదాపు రెండేళ్లు కూర్చున్నాడు. శిబిరంలో మనుషులకూ గుర్రాలకూ రోగాలు పాకాయి. వెలమలు విజయనగర రాజు మొదటి దేవరాయల వైపు తిరిగారు. చివరికి సుల్తాను ఓడి వెనుదిరిగాడు. నల్లగొండ పక్కనున్న పానగల్లు కాదు, వనపర్తి జిల్లాలోని ఈ పానగల్ గుట్టకు ఏడు వరసల గోడలు, నడుమ బాలాహిస్సారు అనే లోకోట. దక్షిణ ద్వారం దగ్గరి శాసనం 1604 నాటిది. కుతుబ్ షాహీల కాలపు కోట అధికారి ఖైరత్ ఖాన్ పేరు అందులో ఉంది. ఆ తర్వాత 1786 నుంచి 1789 వరకు నిజాం అలీ ఖాన్ ఇక్కడే ఉన్నాడని పాత గెజిటీర్లు చెబుతాయి. ఇంత చరిత్ర మోసిన గుట్టకు పోవాలంటే ఈనాటికీ దారి అడుగుతూనే పోవాలి.

జడ్చర్లకు పడమట మహబూబ్‌నగర్ దాటాక కోయిలకొండ కోట వస్తుంది. వాగులు దాటి, మెట్లెక్కి, ఒకదాని వెనక ఒకటిగా ఏడు ద్వారాలు గడిస్తే గాని పైకి చేరం. పైన కూలిన మహలు, మసీదు, ఈద్గా, నీటి గుంట. ఈ కోట చరిత్రలో నిలిచింది మాత్రం ఒక రాజు దారి మధ్యలో ఇక్కడ ఆగడం వల్ల. అన్న జంషీద్‌కు భయపడి ఇబ్రహీం కుతుబ్ షా ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల నీడలో తలదాచుకున్నాడు. 1550లో గోలకొండకు తిరిగి వస్తుంటే కోయిలకొండ నాయకవాడీలు అతడి పక్షాన నిలిచారు. రాజుకు విశ్వాసంగా ఉంటామని వాళ్లు చేసిన ప్రమాణం ఆ ఏడాది శాసనంగా కోటలో మిగిలింది. తెలుగు నాయకులు ఒక కుతుబ్ షాహీ యువరాజుకు ఇచ్చిన మాట అది. ఆ యువరాజు తర్వాత తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని అతడికే అంకితమిచ్చాడు. అదే ఇబ్రహీం 1565లో, తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికి మిగతా సుల్తానులతో కలిసి నడిచాడు. సరిహద్దు చరిత్రను హిందూ ముస్లిం యుద్ధంగా రెండు ముక్కల్లో చెప్పేవాళ్లు ఒకసారి ఈ మెట్లెక్కి ఆ శాసనం ముందు నిలబడాలి. అక్కడ లెక్క మతానిది కాదు, ఎవరి వెంట నిలబడితే గుట్ట దక్కుతుందన్నదానిది.

అలంపురం కథ ఇంత సాఫీగా ఉండదు. బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దం నుంచి కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు చాలావరకు నిలిచే ఉన్నాయి. బహమనీల కాలంలో జోగులాంబ గుడి మాత్రం ధ్వంసమైందని, అమ్మవారి విగ్రహాన్ని బాలబ్రహ్మాలయంలో దాచారని అక్కడివాళ్లు చెబుతారు. పాత చోటే 2005లో కొత్త గుడి లేచింది. ఆ ఆవరణ దగ్గరే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఆయన చావు గురించి ఒక యుద్ధగాథ కూడా ప్రచారంలో ఉంది. గుడికి వచ్చినవాళ్లు, ఉర్సుకు వచ్చినవాళ్లు ఒకే దారిన నడుస్తారు. కూల్చినవాళ్లను మరిచిపోవాలని నేను అనడం లేదు. కానీ ఆ ఊరు శతాబ్దాలుగా కోపంతోనే బతికిందనుకుంటే అదీ తప్పే.

ఇక్కడి గుళ్లను అన్ని సైన్యాలకన్నా ఎక్కువగా కదిల్చింది శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు. 1980ల తొలినాళ్లలో జలాశయం నిండుతుంటే కృష్ణకు రెండు వైపులా వందకు పైగా ఊళ్లు మునిగాయి. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి, ప్రతి రాతికీ అంకె వేసి, అలంపురం తెచ్చి మళ్లీ పేర్చారు. పాపనాశి, జటప్రోలు, సోమశిల ఆలయాలు కూడా ఇలాగే ఒడ్డెక్కాయి. జడ్చర్లకు దగ్గరలో పిల్లలమర్రి మర్రిచెట్టు పక్కన కూడా నీట మునగాల్సిన శివాలయాన్ని తెచ్చి నిలిపారు. అక్కడి మ్యూజియంలోని విగ్రహాలూ వీరగల్లులూ పాలమూరు ఊళ్ల నుంచి వచ్చినవే. వాటి మధ్య తిరుగుతుంటే ఏది ఏ ఊరి చెరువు గట్టు మీదిదో తెలిసిన మనిషి పక్కనుంటే బాగుండుననిపిస్తుంది. గుడి కొత్త చోట నిలుస్తుంది. దాని చుట్టూ ఉన్న వాడకం, చెరువుతో దానికున్న సంబంధం మాత్రం బండ్ల మీద ఎక్కించలేం.

ఇంకో సరిహద్దు గీత 1956లో పడింది. హైదరాబాదు రాష్ట్రాన్ని భాషల వారీగా పంచినప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి పోయింది, పాలమూరు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 2016లో పాలమూరును మళ్లీ జిల్లాలుగా పంచారు. కోయిలకొండ మహబూబ్‌నగర్‌లోనే ఉండగా పానగల్ వనపర్తికి, వడ్డెమాను నాగర్‌కర్నూలుకు, అలంపురం గద్వాలకు చేరాయి. కుప్పాంబిక శాసనం భూత్పూరులో ఉంది. ఆమె వంశం వాళ్ల కోట శాసనం కర్ణాటకలో ఉంది. గోనవాళ్ల గురించి ఒక పుస్తకం రాయదలచినవాళ్లు జడ్చర్ల కూడలిలోనే బస్సు మారి, ముందు రాయచూరు వైపు పోవాల్సి ఉంటుంది.