లప్పం కింద ఇనుము

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో దున్నిన చేలల్లో ఇప్పటికీ ఇనుప చిట్టెం తగులుతుంది. నిర్మల్‌కు దాపునున్న కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అక్కడి మూసల పనిని చూసి హెన్రీ వాయిసీ రాసిన వివరం 1832లో అచ్చయింది. ఇంత ఇనుము ఎరిగిన నేల మీదికి 1932లో నిజాం రైల్వే వారి ఆల్బియన్ బస్సులు వచ్చాయి. వాటి వెనకే టింకరింగ్, పెయింటింగ్ అనే కొత్త పనీ వచ్చింది.

అప్పటికే రంగు మారిపోయింది. కారుకు వేసిన వార్నిష్ ఆరడానికి వారాలు పట్టే రోజుల్లో, 1923లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో తెచ్చింది. స్ప్రే గన్‌తో కొడితే గంటల్లో ఆరేది. చిత్రమేమిటంటే ఈ కారు రంగు తర్వాత నిర్మల్ బొమ్మలకూ ఎక్కింది. కార్లు పియు (పాలీయురెథేన్) రంగులకు మళ్లినా నిర్మల్‌లో డ్యూకో పేరు పోలేదు.

బొమ్మ పనివారు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి, పొణికి చెక్క మీద లప్పం పెట్టి, నునుపు చేసి రంగు వేస్తారు. బండ్లకు రంగులు వేసే షెడ్డులోనూ దాదాపు అదే వరుస. కాకపోతే చెక్కకు జంగు పట్టదు. పాత చేతక్ స్కూటర్ ఫుట్‌బోర్డు మీద జంగు తీయకుండా లప్పం రుద్దితే రెండు వానాకాలాలకే బుడగలు లేస్తాయి.

జంగును ఆపే దారి కొత్తది కాదు: ఇనుముకు ఫాస్ఫేట్ పూత పెట్టే పద్ధతికి 1906లోనే కోస్లెట్ అనే ఆయన పేటెంట్ పొందాడు. ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తే ఎర్ర జంగు నల్లబడి గట్టిపడుతుంది. దుకాణంలో చవగ్గా దొరికే హైడ్రోక్లోరిక్ యాసిడ్ పని తొందరగా చేస్తుంది గానీ, సరిగా కడగకపోతే పూట తిరక్కుండానే మళ్లీ ఎర్రబారుతుంది. చిన్న భాగాలకు నా ఓటు కరెంటుకే: వాషింగ్ సోడా నీళ్లలో భాగానికి బ్యాటరీ ఛార్జరు నెగటివ్, పాత ఇనుప ముక్కకు పాజిటివ్ తగిలిస్తే తెల్లారేసరికి జంగు నల్లగా వదులవుతుంది, బ్రష్షుకు రాలిపోతుంది. మంచి ఇనుము అరగదు. పాజిటివ్‌కు స్టెయిన్‌లెస్ ముక్క మాత్రం పెట్టొద్దు, విషపు క్రోమియం నీళ్లలో కలుస్తుంది.

ఇప్పుడు బుల్లెట్ ఛాసిస్‌లు పౌడర్ కోటింగ్‌కు పోతున్నాయి. ఆ పొయ్యి వేడి 180 నుంచి 200 డిగ్రీలు. మామూలు లప్పం అక్కడ నిలవదు కాబట్టి అంతా గీకి అసలు ఇనుము బయటపెట్టాకే లోపలికి పంపుతారు.