పోనన్న పిల్ల

కొండపల్లె దారి. ఇద్దరు మగవాళ్లు ఒక ఆడపిల్లను బలవంతంగా ఎత్తుకుని పోతున్నారు. ఆ పిల్ల గొంతు చించుకుని ఏడుస్తోంది. చూసేవాళ్లు చూస్తున్నారు. ఒక్కరూ అడ్డం రాలేదు. ఎవరో ఒకరు మాత్రం ఫోన్ బయటికి తీశారు.

ఎత్తుకుపోతున్నవాడు దొంగ కాదు, ఆ పిల్లకు తాళి కట్టినవాడు. రెండోవాడు అతని సోదరుడు. చూస్తున్నవాళ్ల కాళ్లు కదలకపోవడానికి అదే కారణమై ఉంటుంది. దొంగైతే రాళ్లతో కొట్టేవాళ్లే. మొగుడు పెళ్లాన్ని తీసుకుపోతుంటే మధ్యలో మనమెవరం?

2025 మార్చి మొదటివారంలో, తమిళనాడులో డెంకణికోట వైపు కొండల్లో జరిగిందిది. హొసూరు నుంచి డెంకణికోట పాతిక కిలోమీటర్లు. బేటరాయస్వామి గుడి ఉన్న ఊరు. తాలూకాఫీసులో తమిళం, సంతలో తెలుగు, కన్నడం. అది దాటి అంచెట్టి వైపు పోతే అడవి చిక్కబడుతుంది. రాగిచేలు, చేలమీద పడే ఏనుగులు, కొండల మీద విసిరేసినట్టు చిన్న చిన్న పల్లెలు. ఇలాంటిచోట పైతరగతుల బడి అంటే అడవిదారిలో నడక. ఆడపిల్ల చదువు ఆగిపోవడానికి ఎవరూ ఆపనక్కర్లేదు, దారే ఆపేస్తుంది. చదువు ఆగిన పిల్ల ఇంట్లో ఉంటే పెద్దవాళ్లకు ఇక కనబడేది పెళ్లి ఒక్కటే.

ఈ పిల్ల ఏడో తరగతితో ఆగింది. వయసు 14. మార్చి 3న బెంగళూరులో పెళ్లి చేశారు. పెళ్లికొడుక్కి 29. పిల్ల పేరుగానీ ఊరుగానీ ఇక్కడ రాయడం లేదు. రాయకూడదని పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం చెబుతోంది. చెప్పకపోయినా రాయాల్సిన పని లేదు.

పెళ్లయి ఊరికి తిరిగొచ్చాక ఆ పిల్ల తనకు ఈ పెళ్లి ఇష్టం లేదనీ, అతనితో కాపురానికి పోననీ తెగేసి చెప్పింది. తల్లికి చెప్పింది, చుట్టాలకు చెప్పింది. బంధువుల ఇంట్లో ఉండిపోయింది. పద్నాలుగేళ్ల పిల్లకు వకీలు తెలియదు, సెక్షన్లు తెలియవు. తన ఒళ్లు తనది, తన కాళ్లు తనవి అని మాత్రం తెలుసు. ఆ కాళ్లు నేలకు ఆననివ్వకుండా ఎత్తుకుపోయారు.

ఆ ఫోన్లో తీసిన వీడియో ఒకరి నుంచి ఒకరికి పాకింది. తమిళనాడంతా చూసింది. అయితే కేసు కట్టించింది వీడియో ఒక్కటే కాదు. ఆ పిల్ల అవ్వ ఫిర్యాదు చేసింది. ఇంటి పరువు, మనవరాలి కాపురం, రేపు పల్లెలో ఎదురయ్యే మొహాలు అన్నీ పక్కనబెట్టి ఒక ముసలామె ఫిర్యాదు ఇవ్వడం ఎంత బరువైన పనో ఆ కొండల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నా లెక్కలో ఈ గాథలో పిల్ల తరవాత ధీర ఆమే.

డెంకణికోట మహిళా పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది. తమిళనాడులో 1992లో మొదలైన మహిళా స్టేషన్ల వరసలోదే ఇదీ. కాగితం మీద వయసు దగ్గర 14 అని పడగానే పల్లెలో అంతవరకు నడిచిన న్యాయం తలకిందులైంది. మొగుడనుకున్నవాడు నిందితుడు. పెళ్లి అనుకున్నది నేరం. కాపురానికి పంపడం అనుకున్నది అంతకంటే పెద్ద నేరం. పోక్సో చట్టం, బాల్యవివాహ నిషేధ చట్టం కింద అతన్నీ, అతని సోదరుణ్నీ అరెస్టు చేశారు. అరెస్టయినవాళ్లలో కన్నతల్లి కూడా ఉంది. ఆమెను సమర్థించను. కానీ తనకు పెళ్లి చేసేటప్పుడు ఆమెను మాత్రం ఎవరు అడిగి ఉంటారు?

ఇందులో ఒక వింత ఉంది. పెళ్లి జరిగింది కర్ణాటకలో. ఆ రాష్ట్రం చేసుకున్న సవరణ ప్రకారం 2017 నుంచి అక్కడ బాల్యవివాహం మొదటినుంచే చెల్లదు. అంటే తాళి కట్టిన క్షణంలో కూడా అది పెళ్లి కాదు. ఇదే పెళ్లి కొండకు ఇవతల, తమిళనాడులో జరిగి ఉంటే 2006 నాటి కేంద్రచట్టం లెక్క వేరు. బలవంతంగానో, అమ్మేసో, ఎత్తుకొచ్చో చేసినవి తప్ప, మామూలుగా ఆ పెళ్లి ఉన్నట్టే. వద్దనుకుంటే ఆ పిల్లే కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవాలి. మేజరైన రెండేళ్లలోపు అడగాలి. కొండపల్లెలో ఏడు చదివిన పిల్ల జిల్లా కోర్టుకు పోయి పిటిషన్ వేస్తుందని ఆ చట్టం రాసినవాళ్లు నిజంగానే అనుకున్నారా? భార్య అయినా సరే, 18 నిండని పిల్లతో శారీరక సంబంధం అత్యాచారమేనని సుప్రీంకోర్టు తేల్చింది కూడా 2017 అక్టోబర్‌లోనే. అంతవరకు 15 దాటిన భార్య విషయంలో మొగుడికి మినహాయింపు ఉండేది.

పోనన్న ఆడవాళ్లలో ఈ పిల్ల మొదటిది కాదు. బొంబాయిలో రఖ్మాబాయి అని ఉండేది. 11 ఏళ్లకు పెళ్లి చేశారు, ఆమె కాపురానికి పోలేదు. 1884లో మొగుడు దాదాజీ భికాజీ కోర్టుకెక్కాడు. మొదటి జడ్జి ఆమె వైపు నిలిచాడు. అప్పీలు తరవాత 1887లో తీర్పు తిరగబడింది. మొగుడి దగ్గరికి వెళ్లాలి, లేదా ఆరు నెలలు జైలుకెళ్లాలి. జైలుకే పోతానంది. చివరికి 1888లో రెండు వేల రూపాయలకు రాజీ కుదిరింది. ఆమె లండన్ వెళ్లి డాక్టరై తిరిగొచ్చి సూరత్‌లో ఆస్పత్రి నడిపింది.

మన తెలుగుగడ్డ మీది కేసు ఇంకా దగ్గరది. నటి సరితకు 'మరోచరిత్ర' సినిమా కంటే ముందే, 1975లో, 16 ఏళ్ల స్కూలు పిల్లగా ఉన్నప్పుడు పెళ్లయింది. వెంటనే విడిపోయారు. ఐదేళ్లు ఎవరి దారి వారిది. తరవాత మొగుడు వెంకట సుబ్బయ్య కడప కోర్టులో దావా వేశాడు. భార్యను కాపురానికి పంపమని. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ఆ హక్కు ఇస్తోంది. ఆ వ్యవహారం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చింది. 1983 జూలైలో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే కొట్టేశారు. ఇష్టం లేని ఆడదాన్ని కోర్టు ఉత్తర్వుతో మొగుడింటికి నెట్టడమంటే ఆమె దేహం మీద నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి రాజ్యం లాక్కోవడమే అన్నది ఆ తీర్పు సారం. సమానత్వం, జీవించే హక్కు రెండూ దెబ్బతింటాయని చెప్పారు. ఆడదాని అస్తిత్వం గురించి తెలుగునేల మీద వెలువడిన మాటల్లో అంత సూటిగా ఉన్నవి తక్కువ. ఆ తీర్పు ఏడాదిపైన మాత్రమే బతికింది. 1984 ఆగస్టులో మరో కేసులో సుప్రీంకోర్టు 9వ సెక్షన్ చెల్లుతుందని చెప్పేసింది. ఇవాళ్టికీ అది పుస్తకంలోనే ఉంది.

చట్టం మైనరు పిల్ల విషయంలో గట్టిగా నిలబడింది. మేజరైన ఆడదాని విషయానికొచ్చేసరికి ఇంకా నీళ్లు నములుతోంది. ఇది నచ్చినా నచ్చకపోయినా మన పరిస్థితి.

డెంకణికోట వీడియోలో కనబడని మనిషి గురించి ఒక మాట. తీసినవాణ్ని తిట్టను. తీయకపోతే మనకు తెలిసేది కాదు. కానీ పిల్లను ఎత్తుకుపోతుంటే చుట్టూ ఉన్నవాళ్లకు ఊరికే చూసే స్వేచ్ఛ చట్టం ఇవ్వలేదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ, జరుగుతుందని అనుమానమొచ్చీ చెప్పకపోవడం పోక్సోలో నేరం. శిక్ష ఆరు నెలల దాకా జైలు. ఆనాడు రఖ్మాబాయికి పోనన్నందుకు వేస్తామన్నదీ ఆరు నెలలే.

మీ వీధిలో, మీ చుట్టాల్లో పద్నాలుగేళ్ల పిల్లకు సంబంధం చూస్తున్నారని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు. పెళ్లి కాకముందే చేయండి.