చెరువు మా పేరున, చేప వాళ్ల పేరున

ఆ తాటిమట్టలు ఇంకో రెండు మంటలో వెయ్యరా మనవడా, చెప్తాను. కొల్లేరు సరస్సుకి గట్లు లేని రోజుల సంగతి ఇది.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లన్నీ ఇక్కడ పరుచుకుని, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోయేవి. మా లంకల్లో చేపలు పట్టే మావులు ఎక్కడ కట్టాలో, ఎవరు ఏ వైపు వల వెయ్యాలో ఊరి పెద్దలు కూర్చుని తేల్చేవారు. పట్టా లేదు, దస్తావేజు లేదు. కొర్రమీను, జెల్ల, మట్టగిడస ఏది పడినా తలా ఇంత. వరదొస్తే గుడిసే మునిగేది, చేనూ మునిగేది. కలిగినోళ్లం కాదు గానీ, నీటి మీద హక్కు లేని ఇల్లు ఊళ్లో లేదు.

జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా, 1976 ప్రాంతంలో, పేదోళ్లకి సొసైటీలు పెట్టి చేపల చెరువులిచ్చారు. మంచి తలంపుతో చేసిన పనే. కానీ చెరువొస్తే చాలుతుందా? ఇంజను పెట్టాలి, బొచ్చె పిల్ల, శీలావతి పిల్ల కొనాలి, ఏడాది పొడుగునా తవుడూ చెక్కా మేపాలి. అంత మదుపు మాకెక్కడిది? డబ్బున్నోళ్లు వచ్చి లీజుకి అడిగారు. ఇంట్లో పెళ్లో, ఆసుపత్రి ఖర్చో ఉన్నోడు అడ్వాన్సు చూసి తలూపాడు.

అసలు కిటుకు అక్కడుందిరా. లీజు ఇంత అని ముందే రాసేశారు. హౌరా మార్కెట్లో ధర పెరిగితే, ఆ పెరిగిందంతా లీజుదారుడికే. మా వాటా పైసా కదల్లేదు. మా చెరువు గట్టు మీద మేమే కూలికి కాపలా కాశాం.

1999లో ఐదో కాంటూరు ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు, పక్షుల అభయారణ్యమన్నారు. 2006లో ఆపరేషన్ కొల్లేరని పొక్లెయిన్లతో దాని లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సుకి ఊపిరాడాలి, ఆ మాట న్యాయమే. అయితే డబ్బున్న లీజుదారుడు కాంటూరు పైన ఇంకో చెరువు చూసుకున్నాడు. జిరాయితీ పట్టా ఉన్నోడు పరిహారం కోసం కాగితం చూపించి పోరాడుతున్నాడు. సొసైటీ సభ్యుడికి ఆ లీజు వాటా కూడా పోయింది.

తాడేపల్లిగూడెం వైపు మాగాణి చూడు, అక్కడ సంగతి తిరగబడింది. చెమట కౌలురైతుది, పాస్‌పుస్తకం ఆసామిది. ఒప్పందం చాలాచోట్ల నోటిమాటే. తుపానుకి చేను పడిపోతే సాయం చాలాసార్లు పాస్‌పుస్తకం ఉన్నోడి దగ్గరికే పోతుంది. 2019లో సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలల ఒప్పందం మీద కౌలురైతుకి కార్డు ఇస్తామన్నారు. ఆ చట్టం ప్రకారం దానికి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. కార్డు లేక బ్యాంకు అప్పు పుట్టక, కౌలురైతు వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కుతాడు.

అందుకే చెప్తున్నాను, విను. కాగితం ఎవరి పేరున ఉందన్నది సగం సంగతే. మదుపు ఎవరిది, ధర పెరిగితే ఎవరికి, మునిగితే ఎవరి నెత్తిన అన్నది మిగతా సగం. పేదోడికి హక్కిచ్చేవాళ్లు దాంతోపాటు అప్పూ ఇవ్వాలి, లెక్క అడిగే బలమూ ఇవ్వాలి. నువ్వు చదువుకున్నావు. రేపు ఊళ్లో ఏ లీజు రాసినా పదిమంది ముందూ పైకి చదువు. ధర పెరిగినప్పుడు మన వాటా కూడా పెరగాలని రాయించాకే సంతకాలు పెట్టించు.