సున్నము క్రింది బొమ్మలు



నేను మదనపల్లె వాడను. చిరకాలము బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. నా కుమారుడు జర్మనీదేశమున ఉద్యోగము చేయుచుండుటచే క్రిందటి వేసవిలో అచ్చటికి పోవుట తటస్థించెను. అతనికి దొరికిన పదిదినముల సెలవులో మేమిరువురమును ఇటలీదేశపు చిత్రనగరములను రైలులో చూచి వచ్చితిమి. ఆ యాత్రలో నేను చూచినవానిలో మన పల్లెలకు సంబంధించిన సంగతి యొకటి కలదు. దానికొఱకే ఈ ప్రసంగము.

ప్రయాణము కుప్పములోనే మొదలయ్యెననవలెను. మా అక్కగారితో చెప్పిపోవుటకై మదనపల్లెలో బస్సెక్కి, పుంగనూరు పలమనేరుల మీదుగా కుప్పము చేరి, అచ్చట రైలెక్కి బెంగుళూరు పోయితిని. పుంగనూరికి పొట్టి ఆవుల కీర్తి దక్కినది గాని రైలు దక్కలేదు. మదనపల్లెకు స్టేషను కలదు గాని అది ఊరికి దూరము. కుప్పము మీది బెంగుళూరు మార్గము మాత్రము 1864 నాటిది. ఇటలీలో మేము తిరిగిన మార్గములలో కొన్ని అంతకంటె పాతవి, కొన్ని మొన్నటివి.

రోములో రెండు దినములుంటిమి. సిస్టీను ప్రార్థనామందిరపు కప్పుమీద మైకలాంజిలో బొమ్మలు వ్రాసినది 1508 మొదలు 1512 వఱకు. మన కృష్ణదేవరాయలు సింహాసనమెక్కినది 1509లో. ఆ చిత్రకారుడే అదే మందిరపు గోడమీద కడపటి తీర్పుదినమును చిత్రించినది 1536 మొదలు 1541 వఱకు. ఇంచుమించుగా ఆ కాలముననే, అచ్యుతదేవరాయల యేలుబడిలో, విరూపణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద మన చిత్రకారులు కిరాతార్జునుల కథను, పార్వతీకల్యాణమును వ్రాయుచుండిరి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తలయెత్తి పనిచేసిన మెడనొప్పి మాత్రము ఉభయులకు నొకటియే అయియుండును.

సిస్టీను బొమ్మలమీద శతాబ్దుల కొవ్వొత్తిమసి పేరుకొనగా, ఆ చిత్రకారునకు మబ్బురంగులే ప్రియమని లోకులు తలచుచుండిరట. 1980 మొదలు 1994 వఱకు మెల్లమెల్లగా తుడిచి చూడగా చిలుకపచ్చయు నారింజవన్నెయు బయటపడినవి. మసితోపాటు చిత్రకారుని చేతిపనియు కొంత పోయినదని నిందించిన పండితులును కలరు. దీపపు మసి మనకు మాత్రము క్రొత్తదా?

రోమునుండి ఫ్లారెన్సు నగరమునకు వేగపు రైలులో గంటన్నర. దారిలో నా కుమారుడు నాకీ బొమ్మల పని తెలియజెప్పెను. గోడకు సున్నపు గచ్చు పూసి, అది తడి యారకమునుపే నీటిలో కలిపిన రంగులతో వ్రాయుదురు. ఒక దినమున వ్రాయగలిగినంత మేరకే ఆనాటి గచ్చు. ఆరునప్పుడు సున్నము గాలిని గ్రహించి మరల రాయివలె గట్టిపడి రంగును తనలో బంధించుకొనును. ఆరిన గోడమీద వ్రాసిన బొమ్మకు ఈ బలము లేదు. మిలాను నగరమున లియొనార్డో వ్రాసిన కడపటి విందు చిత్రము అట్టిదగుటచేతనే ఆయన బ్రదికియుండగనే పెచ్చులూడుట కారంభించినదట.

ఫ్లారెన్సు స్టేషనుకు ఎదుటనున్న దేవాలయముపేరే స్టేషనుకును పెట్టిరి. అందులో మసాచో అను పడుచువాడు 1427 ప్రాంతమున వ్రాసిన త్రిమూర్తి చిత్రము కలదు. అది వారి మతపు త్రిమూర్తి సుడీ. 1570 ప్రాంతమున దానికి అడ్డముగా క్రొత్త వేదిక కట్టిరి. కట్టించినవాడు వసారి; చిత్రకారుల చరిత్రలు వ్రాసి కీర్తి గన్నవాడే! దాదాపు మూడువందల యేండ్లు బొమ్మ వేదిక వెనుక మఱుగుపడి, 1860లో మరల వెలుగు చూచెను.

అంతకంటె నన్ను కలచినది అదే నగరమునందలి శాంతాక్రోచె దేవాలయము. ఆ దేశపు చిత్రకళకు పితామహునివంటి జోట్టో పదునాలుగవ శతాబ్దిలో అచ్చట వ్రాసిన బొమ్మలకు పదునెనిమిదవ శతాబ్దిలో సున్నము కొట్టిరి. శత్రువులు కారు, ఆ గుడివారే. పాతబడిన గోడ శుభ్రముగా నుండవలెనను తలంపే. పందొమ్మిదవ శతాబ్ది నడుమ సున్నము గీకి బొమ్మలను వెలికి దీసిరి. గోడకు సమాధులు అతికించిన తావులలో బొమ్మ సమూలముగా పోయినది. తొలుత ఆ ఖాళీలను క్రొత్త రంగులతో నింపిరి. తరువాత ఇరువదవ శతాబ్ది నడుమ ఆ రంగులను తుడిచి ఖాళీలను ఖాళీలుగానే విడిచిరి. లేనిదానిని కల్పింపని ఆ నిజాయితీ నాకు నచ్చినది.

ఆ తెల్లని మచ్చల యెదుట నిలిచినప్పుడు నాకు మా తాతగారు జ్ఞప్తికి వచ్చిరి. మా పూర్వుల పల్లె పుంగనూరు ప్రాంతమున కలదు. అచ్చటి గుడి ముఖమండపమున, నాకు ఏడెనిమిదేండ్లప్పుడు, ఎఱ్ఱంచు చీరల స్త్రీలు వరుసగా నిలిచిన బొమ్మలుండెడివి. ఒక తిరునాళ్లకు తాతగారు భక్తితో మండపమంతయు సున్నము కొట్టించిరి. సున్నపునీటి ముంత అందించినవాడను నేనే. ఊరంతయు మెచ్చుకొనెను. నేనును సంతోషించితిని.

పాడువా నగరమున జోట్టో 1305 ప్రాంతమున ముగించిన చిన్నగుడి కలదు. కప్పంతయు నీలాకాశము, బంగారు చుక్కలు. పందొమ్మిదవ శతాబ్దిలో ప్రక్కనున్న మేడను యజమానులు పడగొట్టించిరి. గుడికిని ఆ గతియే పట్టనుండగా, ఊరివారు మొఱపెట్టగా పురపాలకసంఘమువారు దానిని కొనిరి. నేడు లోనికి పోవుటకు ముందు పదునైదు నిముషములు వేఱొక గదిలో కూర్చుండవలెను. మన యూపిరియందలి తడి బొమ్మలకు చెఱుపట. ఆ చెంతనున్న మఱియొక దేవాలయము 1944లో విమానముల బాంబులకు గుఱియై మంతెన్యా వ్రాసిన గోడబొమ్మలు చాలవఱకు తునుకలైనవి.

వెనీసునుగూర్చి చెప్పినవారు పెక్కుమంది, నేను విస్తరింపను. 1846లో సముద్రపు పాయమీద వంతెన కట్టి రైలును తెచ్చిరి. స్టేషనుకొఱకు 1861లో లూచియా అను పునీతురాలి గుడిని పడగొట్టి, స్టేషనుకు ఆమెపేరే పెట్టిరి. పేరు మిగిలినది.

తిరిగివచ్చిన పిమ్మట ములకలచెరువు చెంతనున్న సోంపాళెపు చెన్నకేశవాలయమునకు పోయి విజయనగరపు నాటి చిత్రములను మరల చూచితిని. అవి వన్నె తఱిగినను కంటి కగపడుచున్నవి. అచ్చటినుండి మా పల్లెకు పోయితిని. మండపపు ఈశాన్యమూలను వానకు పెచ్చూడి, అరచేతి మేర, ఎఱ్ఱని చీరయంచు అగపడెను. పూజారిగారు కత్తితో గీకి చూతమనిరి. వలదంటిని. గచ్చు సున్నమే, కొట్టినదియు సున్నమే; ఏది యెక్కడ ముగియునో మన కత్తికి తెలియదు, ఆ పని నేర్చినవారు చేయవలసినది అంటిని.

ఆ మాసముననే తిరునాళ్లు. ఊరిపెద్దలు సున్నము తెప్పించియుండిరి. తాతగారి మాట చెప్పితిని, ముంత అందించిన నా మాటయు చెప్పితిని. ఒకాయన, సున్నము లేక గుడి చిన్నబోదా అని యడిగెను. చాల వాదము జరిగినది. తుదకు ఆ మూల నాలుగు స్తంభముల మేర విడిచి, తక్కిన గోడలకు కొట్టిరి.