విల్లు పక్కన కడ్డీ

కాంపౌండ్ విల్లు మాటెత్తితే మనవాళ్ళలో చాలామంది పెదవి విరుస్తారు. "అది విల్లేమిటండీ, మెషీను! గిలకలు, తీగలు, భూతద్దం, ట్రిగ్గరు... అన్నీ అదే చేసేస్తే మనిషి చేసేదేముంది?" అని. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు తెచ్చినప్పుడు కూడా ఈ మాట విన్నాను. దీనికి జవాబు ఆ విల్లులోనే ఉంది, పిడి దగ్గర బిగించిన ఒక చిన్న కడ్డీలో. దాని పేరు కేబుల్ గార్డ్.

ముందు కాస్త చరిత్ర. ఇక్కడ అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో బిల్లింగ్స్ అని ఓ చిన్న ఊరుంది. ఆ ఊరాయన హాలెస్ విల్బర్ అలెన్. మామూలు విల్లుతో చిక్కేమిటంటే, ఎంత లాగితే అంత బరువు. తీరా గురి చూసే సమయానికి చెయ్యి వణుకుతుంది. అలెన్ విల్లు రెండు కొసలకీ గిలకలు బిగించాడు. మన నూతి గిలకలాంటివే, కాకపోతే ఇరుసు నడిమధ్యన కాకుండా ఓ పక్కకి ఉంటుంది. దాంతో లాగేటప్పుడు మధ్యలో బరువు పెరిగి, చివరికొచ్చేసరికి తగ్గిపోతుంది. 1966లో పేటెంటుకి అప్లై చేస్తే 1969 డిసెంబరులో వచ్చింది. టామ్ జెన్నింగ్స్ అనే విల్లుల తయారీదారు దాన్ని మార్కెట్లోకి తీసుకెళ్ళాడు.

నేను ఓ ప్రాజెక్టు మీద మిస్సోరీలో ఉన్నప్పుడు, జింకల వేట సీజనొస్తే ఆఫీసు సగం ఖాళీ అయ్యేది. ఓ కొలీగ్ తన విల్లు నా చేతికిచ్చి లాగమన్నాడు. చివర్న బరువు ఒక్కసారిగా మాయమైపోతే భలే ఆశ్చర్యమేసింది.

కానీ ఆ బరువు మాయం కాలేదండీ, కేబుళ్ళ మీదికి వెళ్ళింది. మామూలు విల్లుకి ఒక్క నారే. దీనికి నారితో పాటు పై నుంచి కిందికి పోయే కేబుళ్ళు కూడా ఉంటాయి, అదీ సరిగ్గా బాణం వెళ్ళే దారిని ఆనుకుని. బాణం తోకనున్న ఈకలు వాటికి రాసుకున్నాయో, గురి గోవిందా! అందుకని పిడి నుంచి వెనక్కి ఓ కడ్డీ పెట్టి, దాని మీద జారే ప్లాస్టిక్ ముక్కలో కేబుళ్ళని ఇరికించి పక్కకి లాగిపెట్టారు. మా భాషలో చెప్పాలంటే ఇది ప్యాచ్.

ప్యాచ్ వేస్తే ఇంకోచోట బగ్ పుట్టడం మామూలే కదా. పక్కకి తోసిన కేబుళ్ళు ఊరుకోవు, మధ్యకి రావాలని కడ్డీని నెడుతూనే ఉంటాయి. దాంతో పిడి అరచేతిలో మెలి తిరగాలని చూస్తుంది. కొసల్లోని గిలకలు ఓ పక్కకి వాలతాయి. వదిలిన నారి తిన్నగా రాకుండా బాణం తోకని కాస్త పక్కకి తీసుకుపోతుంది. పైగా కడ్డీ మీద రాపిడికి కొంత వేగం కూడా పోతుంది.

ఆ తర్వాతి చరిత్రంతా ఈ అప్పు తీర్చడమే. రాపిడి తగ్గించడానికి జారే ముక్క బదులు చిన్న రోలర్లు వచ్చాయి. మెలి తగ్గించడానికి వంగే గార్డులు వచ్చాయి. ఇవి లాగినప్పుడు లోపలికి వంగి, బాణం ఈకలు దాటే వేళకి మళ్ళీ పక్కకి తప్పుకుంటాయి. కొందరు కడ్డీనే తీసేసి, కేబుల్‌ని రెండు పాయలు చేసి మధ్యలోంచి బాణం పోనిచ్చారు. అక్కడ తీగలు ఎక్కువ, సర్దుబాట్లూ ఎక్కువ. అప్పు తగ్గింది గానీ పూర్తిగా తీరలేదు.

ఓ చిన్న లెక్క చూడండి. పోటీల్లో దూరం 50 మీటర్లు. పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు. 70 సెంటీమీటర్ల బాణం తోక ఒక్క మిల్లీమీటరు పక్కకి ఉంటే, ఆ గీతని తిన్నగా పొడిగిస్తే 50 మీటర్ల దగ్గర తేడా 7 సెంటీమీటర్లు. అంటే పది పోయినట్టే. ఈకలు కొంత సర్దుతాయనుకోండి. తప్పు ప్రతిసారీ ఒకేలా ఉంటే సైటు జరిపి సరిచేసుకోవచ్చు. పట్టు ఒక్కోసారి ఒక్కోలా ఉంటే మాత్రం ఏ సైటూ కాపాడదు. హాంగ్‌జౌ మిక్స్‌డ్ టీమ్ ఫైనల్లో సురేఖ, ఓజస్ దేవ్‌తలే కొరియాని ఓడించింది 159-158తో. ఒక్క పాయింటు!

కాంపౌండ్ విల్లు 1995లో ప్రపంచ చాంపియన్‌షిప్‌కీ, 2014లో ఏషియన్ గేమ్స్‌కీ వచ్చింది. ఒలింపిక్స్ గుమ్మం మాత్రం 2028లో లాస్ ఏంజెలెస్‌లో, మిక్స్‌డ్ టీమ్ పోటీతో తొక్కబోతోంది. అప్పుడు టీవీలో గిలకల్ని కాదు, విల్లు పట్టిన చేతిని చూడండి. వేళ్ళు పిడిని బిగించవు, వదులుగా ఉంటాయి. కడ్డీ పుట్టించే మెలికి తమ చేతి మెలి తోడవకుండా ప్రతి బాణానికీ అలాగే ఉంచాలి. అది నేర్పడానికే ఏళ్ళు పడుతుంది.